తాతకు తగ్గించిన ధర

రాడోయ్కా ముప్ఫయ్యొక్క ఏళ్లు బెల్‌గ్రేడ్ ట్రాముల్లో టిక్కెట్లు కోసింది. టిక్కెట్టు లేనివాణ్ణి ఆవిడ తిట్టి దింపేస్తే, వాడు ఆపై నెల్లాళ్లు కాలినడకనే తిరిగేవాడని ప్రతీతి. ఉద్యోగం మానినా ఆ నోరు విశ్రాంతి తీసుకోలేదు. తీసుకున్నది పింఛనే. దినారు విలువ పూటపూటకూ పడిపోయి, తొంభై మూడు డిసెంబరు నాటికి నెల పింఛనుకు ఒక కోడిగుడ్డు వచ్చేది, అదీ పొద్దున్నే పరుగెత్తితే.

అలాంటి రోజుల్లో ఆవిడ తమ్ముడు ల్యూబిషా, గోడమీది తాత విచెంటియే చిత్రాన్ని పాతసామాన్ల సంతలో ఇరవై కిలోల పిండికి అమ్మేశాడు.

"తాత రొట్టె పెట్టడు కదక్కా!" అన్నాడు.

ఆ పిండిని రాడోయ్కా ముట్టలేదు. తమ్ముడితో మాట్లాడనూ లేదు. తిట్లు మాటల కిందికి రావు.

పంతొమ్మిదిన వాళ్ల ఇలవేల్పు సెయింట్ నికోలా పండుగ. డెబ్బై ఏళ్లుగా ఆనాటి కొవ్వొత్తి తాత ముందే వెలిగింది. బోడిగోడకు దణ్ణం పెట్టే వంశం తమది కాదని, ముందురోజు ఆవిడ రెండు లీటర్ల వంటనూనె సంచిలో వేసుకుని ఆ సంతకు వెళ్లింది.

తాత అక్కడే ఉన్నాడు, తుప్పుపట్టిన ఇస్త్రీపెట్టెల నడుమ, గుండెమీద పతకంతో. దుకాణదారు స్ట్రాహిన్య ఆయన్ని ఒక తోలుకోటు ఆసామికి చూపిస్తున్నాడు. ఆ ఆసామి వీధిమూలల్లో సీసాల్లో దొంగపెట్రోలు అమ్మి కొత్తిల్లు కట్టాడు. ఇంట్లో అన్నీ అమిరాయి, తాతే తక్కువ.

"ఈయన సేనాపతి, బాబూ! ఆ చూపు చూడండి."

"ముక్కు నాతో కలవట్లేదే?"

"గోడకెక్కితే అదే కలుస్తుంది. మూడొందల జర్మన్ మార్కులు. దినార్లొద్దు, పొయ్యిలోకి నా దగ్గర కట్టెలున్నాయి."

రాడోయ్కాకు అరికాలిమంట నెత్తికెక్కింది.

"సేనాపతా? మా వీధి విచెంటియే! పందులకు వట్టలు తీసేవాడు. ఆ పతకం బొమ్మ గీసినవాడి దగ్గర అద్దెకు తెచ్చింది. యుద్ధమంటే అటకెక్కాడు మహానుభావుడు!"

నిజానికి తాత మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంతో మంచుకొండలు నడిచి దాటాడు. నాలుగు కాలివేళ్లు అక్కడే వదిలేసి ఆ పతకం తెచ్చాడు.

"నా హాల్లో పందులవాడా? థూ!" అని తోలుకోటు వెళ్లిపోయాడు.

"మూడొందలు నోటిదగ్గర కొట్టేశావు కదే ముసలీ!" స్ట్రాహిన్య చిందులు తొక్కాడు.

"కొట్టాను. ఇప్పుడు చెప్పు, ఎంత?" అని నూనెసీసాలు బయటికి తీసింది.

"ఆ రెండు లీటర్లూ పారేసి పో."

అక్కడ ఆగవలసింది. కానీ బేరం ఆడకుండా ఏ వస్తువూ కొనని మనిషికి నోరు దానంతటదే కదిలింది.

"పందులవాడికి రెండా? పైగా తాగుబోతు. పెళ్లాన్ని కొట్టేవాడు. ఒక్క లీటరు!"

ఒక్క లీటరుకే వచ్చాడు తాత.

సాయంత్రం చిత్రం మేకుకు తగిలించి, సంతలో బేరం సంగతంతా చెప్పి తమ్ముణ్ణి దులిపింది. ల్యూబిషా అంతా విని, మిగిలిన నూనెసీసాను చూశాడు.

"నేను ఇరవై కిలోల పిండికిచ్చాను. నువ్వు లీటరు నూనెకు దించేశావు. ఇద్దర్లో తాతను ఎవరు ఎక్కువ గౌరవించారక్కా?"

రాడోయ్కా చొక్కాచేతులు పైకి మడిచింది.

"ఆ పిండి తగలెయ్యి ఇటు," అంది. పండుగరొట్టెకు ఇంట్లో వేరే పిండి లేదు.

తాతవైపు వీపు పెట్టి కూర్చుని పిసికింది. ఆ ముద్దకు పడిన గుద్దుల్లో ల్యూబిషా వాటా సగమే, మిగతా సగం ఆవిడ నోటిది.