జడ్జి సాబ్‌కు పరీక్ష, నా మంచానికి ఎసరు

నడి జూలైలో, బహ్రెయిన్‌లో, ఏసీ గాలి నేరుగా ముఖానికి తగిలే మంచాన్ని నా తెలివితో నేనే పోగొట్టుకున్న వైనం చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. జాలి మాత్రం నా మీదే చూపించండి.

అప్పట్లో నువైద్రాత్ దగ్గర లేబర్ క్యాంపులో ఉండేవాణ్ణి. మాలో మాకు తగువు వస్తే తీర్చేది టైల్స్ మేస్త్రి భూమన్న. అందరికీ ఆయన ‘జడ్జి సాబ్’. ఆయన తీర్పు చెప్పాక, మాకు వీసాలిచ్చిన కఫీల్ వచ్చి మొత్తుకున్నా మారదు. ఏడాదికోసారి మాత్రం ఒక శుక్రవారం అందరం కూర్చుని, ఆయన్ను ఉంచాలా, మార్చాలా అని చేతులెత్తేవాళ్ళం. ఆ ఏడు ఎవరో మెలిక పెట్టారు.

“ఊకె చేతులు లేపుడేంది? ఆయన పనితనం ఎట్లున్నదో ఒకలు పరీక్ష జేసి చెప్పాలె.”

క్యాంపులో అందరికంటే పెద్ద నోరు నాదే కనుక ఆ పని నాకు పడింది.

బుద్ధిమంతుడైతే పాత తీర్పుల గురించి నలుగురినీ అడుగుతాడు. నేను మేధావిని కదా, దొంగ కేసు ఒకటి పుట్టించాను. మా గదిలోనే తలుపు పక్కన, కొలిమిలో కాలుతున్నట్టు పడుకునే గంగారాంను పిలిచాను.

“అరేయ్ గంగారాం, నా మంచం నీకిస్తనని మాటిచ్చి తప్పిన అని కేసు పెట్టు. జడ్జి సాబ్ అబద్ధం పసిగడతడా లేదా చూద్దాం.”

“నాకు ఏడుపు రాదన్నా.”

“నేను నేర్పుతరా!”

నేర్పాను. ఎంత బాగా నేర్పానంటే, పంచాయితీలో వాడు ముక్కు చీదుతుంటే మా వంటాయన గరిటె వదిలేసి కళ్ళు తుడుచుకున్నాడు. నేనింత దుర్మార్గుణ్ణా అని ఒక క్షణం నాకే అనుమానం వచ్చింది!

భూమన్న గడ్డం గోక్కుని, “ఖలాస్. మంచం గంగారాందే” అన్నాడు.

నేను విరగబడి నవ్వాను. “జడ్జి సాబ్ తప్పిండు! ఇది ఉత్తుత్తి కేసు! చెప్పురా గంగారాం!”

గంగారాం నన్ను చూశాడు. ఏసీని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు.

“ఉత్తుత్తిదేందన్నా? నాకేం ఎరుకలే.”

గది గదంతా గొల్లుమంది.

“సరే, ఇగ చెప్పు,” అన్నాడు భూమన్న తాపీగా. “నా పనితనం ఎట్లున్నది? ఉంచుతరా, తీసేస్తరా?”

ఏం చెప్పమంటారు? బాగాలేదంటే ఓడినవాడి ఏడుపంటారు. “మస్తున్నది” అని గొణిగాను. చేతులన్నీ లేచాయి. అన్నిటికంటే ఎత్తున లేచింది గంగారాం చెయ్యి.

సాయంత్రం పరుపు చుట్టుకుని తలుపు పక్కకు కాపురం మారుస్తుంటే భూమన్న వచ్చి భుజం తట్టాడు.

“నాటకమని నాకు మొదలే ఎరుకరా. వాడు ఏడుస్తుంటే నీ పెదాలు గూడ కదులుతున్నయి.”

“మరి గా తీర్పేందే అన్నా?”

“పంచాయితిల నాటకమాడితే శిక్ష ఉండద్దా?”

“ఆడింది ఇద్దరం కదనే! గంగారాంకేది శిక్ష?”

“వానికి గూడ ఏసిన. నీ మంచం పక్క మంచం నాదే గద. ఇన్నేండ్లు నా గురక నువ్వొక్కనివే విన్నవు, పాపం.”

చెమటలో తడిసిన ఒళ్ళే సాక్షిగా ఆనాడు ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఏ న్యాయమూర్తినీ పరీక్షించను. ఒకవేళ తప్పనిసరైతే, పణంగా పెట్టేది ఇంకొకడి మంచమే!