సరస్సు దారిలో ఎవరో తుమ్మారు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. జువాలజీ ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, ఫార్మలిన్ జాడీలున్న గదిలో ఒక్కదాన్నే కూర్చుని రికార్డు రాసుకునేదాన్ని. శకునాలూ పట్టించుకోను. కాకపోతే బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని, నాలుగు గుక్కలు మంచినీళ్లు తాగి కదలడం మా పుట్టింటి అలవాటు. అది నమ్మకం కాదు, గుమ్మం దగ్గర చెప్పులు విడవడం లాంటిది.

ఇది 1983 సెప్టెంబరు చివర్లో జరిగింది. అప్పుడు మేం మిన్నెసోటాలో ఉండేవాళ్లం. మావారు ఇంజనీరు. మా అమ్మాయి స్వాతికి నాలుగేళ్లు. ఉత్తరాన అడవిలో ఒక సరస్సు చుట్టూ కాలిబాట ఉందని, అంతా చదునేనని, చిన్నపిల్లలు కూడా హాయిగా నడవచ్చని మావారి ఆఫీసులో ఎవరో చెప్పారు. డబ్బాలో పులిహోర పెట్టుకుని, కోట్లు వేసుకుని వెళ్లాం. పార్కింగ్‌లో మా కారు కాక ఇంకొక్కటే ఉంది.

నీళ్లంటే నాకు భయం. స్వాతి చెయ్యి వదలకుండా నడిచాను. నిజానికి భయపడాల్సిందేమీ లేదు. ఆకులన్నీ పసుపుపచ్చగా మారి, గాలి లేక సరస్సు అద్దంలా ఉంది.

సగం దూరంలో ఒక బెంచీ ఉంది. దాని మీద ఒక అమెరికన్ పెద్దావిడ కూర్చుని బూటు లేసు కట్టుకుంటోంది. మేం పక్కనే దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నాం. బెంచీకి కాస్త ముందు, సరస్సులో కలిసే వాగు మీద చిన్న చెక్క వంతెన ఉంది. తినడం అవగానే వంతెన మీద నుంచి రాళ్లు వేస్తానని స్వాతి గొడవ మొదలుపెట్టింది. సామాను సర్దుకుని లేచాం.

అప్పుడు మా వెనక ఎవరో తుమ్మారు.

మగమనిషి తుమ్ము. వయసు మళ్లినవాళ్లు ఇల్లంతా అదిరేలా తుమ్ముతారే, అలాంటిది. ముందు ఊపిరి లోపలికి పీల్చుకోవడం కూడా వినిపించింది. పెద్దావిడ తలెత్తకుండానే, ఎవరైనా తుమ్మితే అనే అక్కడి అలవాటు ప్రకారం "బ్లెస్ యూ" అంది. మావారు మర్యాదకి "థాంక్యూ" అన్నారు.

"ఒక్క నిమిషం కూర్చుందామండీ," అన్నాను.

"తుమ్మింది నువ్వేగా, నువ్వే కూర్చో."

"నేనెక్కడ తుమ్మాను? మీరు కాదూ?"

ఇద్దరం స్వాతి వైపు చూశాం. దాని నోటి నిండా ఇంకా పులిహోరే. "నాట్ మీ," అంది.

"ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసు! అమెరికా వచ్చినా తుమ్ముకి కూర్చోవాల్సిందేనా?" అని మావారు నవ్వారు. ఈలోగా స్వాతి వంతెన వైపు పరుగెత్తబోయింది. కోటు టోపీ పట్టుకుని వెనక్కి లాగాను. అది ఏడుపు లంకించుకుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని నీళ్ల సీసా నోటికి అందించాను.

రెండు గుక్కలు కూడా తాగలేదు, తుపాకీ పేలినట్టు చప్పుడైంది. ఒక పెద్ద బిర్చ్ చెట్టు వంతెనకి అడ్డంగా పడింది. ఒకవైపు రెయిలింగు విరిగి వాగులోకి వేలాడింది. స్వాతి ఏడుపు ఆపేసింది.

తర్వాత మావారు పెద్దావిడని అడిగారు, ఇందాక ఎవరు తుమ్మారో చూశారా అని. "మీరే అనుకున్నాను," అంది. తను కాదని చెప్పారు. ఆవిడ మా వెనక చెట్లలోకి కాసేపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. చుట్టూ పూర్తిగా తిరిగి వెళదామనుకుందట, మాతోపాటే వెనక్కి వచ్చేసింది. పార్కింగ్‌లో ఉన్న రెండో కారు ఆవిడదే.

పార్కు ఆఫీసులో చెప్తే, ఆ జాతి చెట్లు అంతేనన్నారు. లోపల చెక్క కుళ్లిపోయినా పైన బెరడు తెల్లగా, గట్టిగా కనిపిస్తుందట. గాలి లేకపోయినా పడతాయట. చెట్టు సంగతి అలా తేలిపోయింది.

తుమ్ము సంగతి తేలలేదు. జింకలు బెదిరితే తుమ్మినట్టే చప్పుడు చేస్తాయని మావారు ఎక్కడో చదివి చెప్పారు. జువాలజీ చదివినదాన్ని, నాకూ అదే నిజమైతే బాగుండుననిపించింది. తర్వాత ఒకసారి జింక చేసే ఆ చప్పుడు విన్నాను కూడా. పీల్చుకునే ఊపిరి అందులో లేదు. పైగా పెద్దావిడ పుట్టి పెరిగింది ఆ అడవుల్లోనేనని వెనక్కి వచ్చేటప్పుడు తనే చెప్పింది. జింకకి ఎవరైనా "బ్లెస్ యూ" చెప్తారా?

"మనం కూర్చోకపోతే చెట్టు పడేలోపే వంతెన దాటేసేవాళ్లం కదా," అని కూడా మావారంటారు. కానీ స్వాతి దాటిపోవడానికి కాదు, వంతెన మీద నిలబడి రాళ్లు వేయడానికి వెళ్తోంది.

స్వాతి ఇప్పుడు మూడో క్లాసు. రేపు వాళ్ల టీచరు పిల్లలందరినీ ఒక సరస్సు దగ్గరికి తీసుకెళ్తోంది. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. మావారూ అదీ నిద్రపోయారు, నేను కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ రోజు మా వెనక ఉన్నదెవరో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. రేపు పొద్దున స్వాతి బూట్లు వేసుకునేటప్పుడు మాత్రం రేడియో ఆపేస్తాను. ఏమీ వినిపించకపోతే, అంతా బాగానే ఉందనుకుని పంపించాలి.