బుఖారాలో కట్టని దారం

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఒక్క మాటలో అయిపోయిన అబద్ధం. దాని బరువంతా నా మీదే పడి ఉంటే ఎలాగోలా సర్దుకునేదాన్నేమో, కానీ అది వేరొకరి కాళ్ల మీద పడింది. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పడానికి ఇన్నాళ్లూ నాకు మొహం చెల్లలేదు.

మాది నారాయణఖేడ్. ఎంబీబీఎస్ తాష్కెంట్‌లో చదివాను. ఇక్కడ సీటు రాలేదు, అక్కడ వచ్చింది, అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు. నేను బయలుదేరే ముందు పక్కింటి సంగమ్మత్త వచ్చింది. చుట్టం కాదు, చిన్నప్పటి నుంచి అత్తా అని పిలవడమే. ఆమెకు ఒక్కతే కూతురు, మంజుల. పెళ్లై ఎన్నేళ్లైనా మంజులకు పిల్లలు కాలేదు. జహీరాబాద్, సంగారెడ్డి, హైదరాబాద్, తిరగని దవాఖాన లేదు. దానికి తోడు అత్త ప్రతి గురువారం ఊరి బయట దర్గాకు పోయి మలీద ప్రసాదం పంచేది. మా వైపు ఇది వింతేమీ కాదు, గుడికి పోయే కాళ్లే దర్గాకూ పోతాయి. ఆ దర్గా చూసుకునే ముజావర్ ఎప్పుడో చెప్పాడట, మన బాబా పెద్దలు బుఖారా నుంచి వచ్చారని, వాళ్ల పెద్దాయన సమాధి అక్కడే ఉందని.

"మన బాబాకు పైన బాబా ఆడ ఉన్నడంట. నువ్వు గా దేశమే పోతున్నవ్ గదా బిడ్డా. గీ దారం ఆడ కట్టు, మంజుల పేరు చెప్పి కట్టు," అని అత్త ఒక ఆకుపచ్చ దారం నా చేతిలో పెట్టింది. ఆ బాబా పేరు నాతో రెండు మూడుసార్లు పలికించింది కూడా. కడతానని మాటిచ్చాను. అప్పుడు నిజంగానే కడదామనుకున్నాను.

రెండో సంవత్సరం వసంతం సెలవుల్లో మా బ్యాచ్ వాళ్లం రైలెక్కి బుఖారా చూడ్డానికి పోయాం. అక్కడ గడిపింది ఒక్క రోజే. ఎంత మంచి రోజని చెప్పను! ఎత్తైన ఇటుక మినార్ కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాం. గోపురాల కింద బజార్లో తిరిగాం. పాత కొలను పక్కన మల్బరీ చెట్ల నీడలో కూర్చుని, కూజాలకు కూజాలు చాయ్ తాగాం. దారం నా జాకెట్ జేబులోనే ఉంది. ఆ పెద్ద బాబా దర్గా మాత్రం బుఖారా బయట, టాక్సీలో పోయి రావాలి. పొద్దున అనుకున్నాను, మధ్యాహ్నం పోదామని. మధ్యాహ్నం అనుకున్నాను, అన్నం తిన్నాక పోదామని. సాయంత్రానికి అందరూ కోట గోడ మీద ఎండ వాలుతుంటే ఫొటోలు దిగుదామన్నారు.

నన్నెవరూ ఆపలేదు. ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. నేను దారం కట్టి రావాలి, మీరు తిరుగుతుండండి అంటే ఎవరూ కాదనేవారు కాదు. ఆ మాట అనడానికే నాకు నామోషీ. రేపు డాక్టర్ కాబోయేది, దారాలు కడుతుందా అని నవ్వుతారేమోనని. నవ్వితే ఏం పోయేది? ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది చెప్పకపోతే సగమే చెప్పినట్టు. బజార్లో నీలం రంగు పింగాణీ పళ్లెం ఒకటి కొన్నాను. రైలెక్కేటప్పుడు దాని చుట్టూ ఉన్న అట్ట ఊడిపోతుంటే, జేబులోంచి అత్త దారం తీసి గట్టిగా చుట్టి కట్టాను. హాస్టల్‌కు వచ్చాక కత్తెరతో కోసి చెత్తబుట్టలో వేశాను. ఆ పళ్లెం ఇప్పుడు మా ఇంటి షోకేసులో ఉంది. వచ్చినవాళ్లంతా బాగుందంటారు.

బుఖారా పోతున్నానని ముందే చెప్పి ఉన్నాను, మర్నాడు పొద్దునే అత్త ఫోన్. కట్టినవా బిడ్డా అంది. కట్టిన అత్తా అన్నాను. నోరు తడబడను కూడా లేదు. "అయితే ఇగ గీ గడియ నుంచే చెప్పులు ఇడుస్తున్న. మంజులకు కాన్పయినంక నువ్వే ఆడికి పోయి ముడి ఇప్పాలె. అప్పుడే తొడుగుత," అంది. నాకు నవ్వొచ్చింది. ముసలామె, నాలుగు రోజులు చేసి మానేస్తుందిలే అనుకున్నాను.

మానలేదు. ఏడాది దాటాక మంజులకు ఆడపిల్ల పుట్టింది. అత్త ఫోన్‌లో ఏడ్చింది. నేను దండిగా నవ్వి, చూసినవా అత్తా, బాబా మహిమ అన్నాను! హైదరాబాద్‌లో మంజుల వాడిన మందుల వల్లే అయ్యిందని లోపల అనుకుంటూనే అన్నాను. అప్పుడైనా బుఖారా రైలెక్కి ఉండొచ్చు. పరీక్షలన్నాను, చలి అన్నాను. అసలు వెయ్యని ముడిని విప్పడానికి పోవడమేమిటని కూడా నాతో నేను వాదించుకున్నాను, అదేదో పెద్ద తెలివైన మాటైనట్టు.

చదువైపోయి ఊరికొచ్చి, బస్ డిపో దగ్గర చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. అప్పటికి అత్తకు షుగర్ ముదిరింది. వట్టి కాళ్లతోనే చేనుకు పోతుంది. కంది కోసిన చేలో కొయ్యలు మేకుల్లా ఎలా నిలబడి ఉంటాయో మా వైపు వాళ్లకు తెలుసు. గుచ్చుకుంటే ఆమెకు తెలియను కూడా తెలియదు. కాళ్లు మొద్దుబారాయి. ఎన్ని పుండ్లు కడిగానో! కడుగుతూ తిట్టేదాన్ని కూడా, షుగర్ పెట్టుకుని వట్టి కాళ్లతో తిరుగుతవా అని. ఎంత సిగ్గులేనితనం! ఒకసారి ఇంకో అబద్ధం ప్రయత్నించాను. అక్కడ చదువుతున్న మా జూనియర్ పోయి ముడి విప్పింది, ఇగ తొడుగు అన్నాను. అత్త అడ్డంగా తలూపింది. ముడి వేసిన చెయ్యే విప్పాలంది. మా వైపు మొక్కు అలాంటిదే. ఆ సంగతి మొదటిరోజే ఫోన్‌లో చెప్పింది కూడా.

ఈ ఎండాకాలం ఆమె కాలి వేలు తీసేశారు, హైదరాబాద్‌లో. కట్టు మార్చడానికి మంజుల నా దగ్గరికే తీసుకొచ్చింది.

"ఇప్పుడన్న చెప్పులు తొడుగు అత్తా. మెత్తటియి తెప్పిస్త," అన్నాను.

"ముడి ఇప్పినంక తొడుగుత. నీకు తీరిక దొరికినప్పుడే పో బిడ్డా, నేనేం జల్దీ చేస్తలేను గదా," అని నవ్వింది అత్త. "నడుమల నాకేమన్నయితే మొక్కు ఆగిపోవద్దు గదా. గందుకే మంజులను గూడ ఇడువుమన్న. మొన్న గురువారం నుంచి అది గూడ తొడుగుతలేదు."

మంజుల కాళ్లు చూశాను. మడమకు దుమ్ము, పక్కన చిన్న గీరుడు. రోజూ కూలికి పోయే మనిషి. తల్లికి ఉన్నట్టే ఆమెకూ రేపు షుగర్ రావచ్చు. కట్టు కట్టడం ఆపేశాను.

"అత్తా, నేను దారం కట్టలే."

"ఏంది?"

"గా దర్గాకు నేను పోనే లేదు. నీకు అబద్ధం చెప్పిన."

అత్త నా మొహం చూసింది. తర్వాత తన కాలు చూసుకుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును.

"మరి మా మనుమరాలిని ఎవరిచ్చిన్రు?" అంది మెల్లగా.

నేనేం చెప్పాలి? మందుల పేర్లు చెప్పాలా? నేను చెబితే ఆమె కాళ్లకు చెప్పులొస్తాయనుకున్నాను గానీ, ఆమె చేతిలోంచి ఏం లాగేస్తున్నానో అప్పటిదాకా ఆలోచించలేదు. మిగతా కట్టు పూర్తి చేశాను. మంజుల తల్లి చెయ్యి పట్టుకుని లేపింది. ఆటో పిలుస్తానంటే వద్దంది, నా వైపు చూడకుండా. ఇద్దరూ ఎండలోకి దిగి వట్టి కాళ్లతోనే పోయారు.

నన్ను క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే అది కూడా నా కోసమే అయ్యేది. అత్త ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒక్క గోడే. అవతల ఆమె దగ్గు వినిపిస్తుంది, అంతే. రేపు మళ్లీ కట్టు మార్చాలి. నా దగ్గరికి వస్తారో, ఇంకో దవాఖానకు పోతారో తెలియదు. చెప్పులు తొడుక్కుంటారో లేదో అదీ తెలియదు. నేను ఆ దర్గాకు పోలేదు, దారం కట్టలేదు. ఈ మాట బయటికి అన్నాక మాత్రం, ఎన్నేళ్లకో, ఊపిరి నిండా తీసుకోగలుగుతున్నాను.