శామీర్‌పేట బంగారు గని దగ్గర మిగిలిన గోడ

శామీర్‌పేట అవతల ఒకప్పుడు బంగారం కోసం తవ్విన గని ఉందనీ, కూలీల గదుల రాళ్లను రోడ్డు పనికి తీసుకుపోతున్నారనీ మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. పూర్తిగా పోకముందే చూడాలనిపించింది. మా సర్కారు ఆఫీసుకు శుక్రవారం సెలవు. పొద్దున సికింద్రాబాదులో రైలెక్కి మేడ్చల్‌లో దిగాను. అక్కడి నుంచి బస్సును నమ్ముకోలేం. రానూపోనూ రూపాయిన్నరకు జట్కా మాట్లాడుకున్నాను.

"ఆడ ఏమున్నది సాబ్, సూసెటందుకు?" అన్నాడు జట్కా తోలే మొగులయ్య. "మా నాయిన గూడ తవ్విండు. మస్తు రాళ్లెల్లినయి, బంగారమే ఎల్లలే." కొన్నేళ్లు తవ్వి, ఖర్చుకు సరిపడా దొరక్క కంపెనీవాళ్లు వెళ్లిపోయారట.

ఎండ ముదిరే వేళకు గుట్ట చేరాం. పైకప్పులు లేని గదుల వరుసను కూలీలు గడ్డపారలతో విప్పుతున్నారు. పక్కనే గని నోటి చుట్టూ మోకాలెత్తు గోడ. దానికి సున్నం వేసి ఉంది. ఆ గోడ మీద ఒక ముసలామె కూర్చుంది. ఆమె పేరు ఎస్తేరమ్మ అనీ, గనిలో మట్టి కూలినప్పుడు ఆమె భర్తా మరో ఇద్దరూ లోపలే ఉండిపోయారనీ మొగులయ్య మెల్లగా చెప్పాడు. ఏటా క్రిస్మస్‌కు ముందు ఆమే సున్నం వేస్తుందట.

మేస్త్రీ దగ్గరికొచ్చాడు. "అవ్వా, జర పక్కకు జరుగు. గీ రాయి గూడ కావాలె."

"గదులు తీస్కపోండి బిడ్డా, వద్దంటలేను. గిది ముట్టొద్దు. నా పెనిమిటి గీ గని లోపట్నే ఉన్నడు."

"సచ్చి గిన్నేండ్లాయె. ఇగ గోడెందుకు?"

"మీ అవ్వ సమాధి రాయి రోడ్డుకేస్తవా?"

గోడ దగ్గరున్న కూలీ గడ్డపార కింద పెట్టేశాడు. "నేనైతే ముట్ట," అన్నాడు. మిగతావాళ్లూ కదల్లేదు. మేస్త్రీ, "గదుల రాళ్లే బండ్లల్ల నింపుండ్రి. పైన అడిగితే నేను జెప్పుకుంట," అని బండ్ల వైపు వెళ్లిపోయాడు. ఎస్తేరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

బంగారం ఎప్పుడైనా చూశారా అని ఆమెను అడిగాను. "ఆయన చేతులకు మెరిసే దుమ్ము అంటుకొని వస్తుండె," అంది. "కడిగితె పోతుండె."

మేం బయలుదేరేసరికి గదుల్లో సగం నేలమట్టమయ్యాయి. ఇంకో వారానికి ఆ వరుస అనేదే ఉండదు. గోడను కాపాడమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. దాన్ని నిలిపింది చరిత్ర మీద ఆసక్తి కూడా కాదు. లోపల ఉన్నది ఎవరో గుర్తున్న మనిషి ఒకరు ఇంకా బతికి ఉండడమే.

వెళ్లేవారు మేడ్చల్‌లోనే నీళ్లు నింపుకోండి, గుట్ట దగ్గర దొరకవు. గని ఎంత లోతుందో చూద్దామని అందులోకి రాయి మాత్రం విసరకండి.