పెద్దనాయన ఒక్కడికే తెలిసిన పాస్‌వర్డ్

మొన్న పింఛను కాగితమేదో చూసుకుందామని ఫోను తెరిస్తే పాస్‌వర్డ్ తప్పన్నది. రెండోసారి కొట్టినా తప్పే. మా కోడలు వచ్చి చూసి, మరిచిపోయినానని ఒక మాట నొక్కితే సరిపాయె కదత్తా అని నవ్వి, తానే నొక్కి, అర నిమిషంలో కొత్తది పెట్టించి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను మాత్రం ఫోను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. పాస్‌వర్డ్ అన్న మాట వింటే ఇప్పటికీ నా గుండెల్లో రాయి పడుతుంది. ఎందుకో చెబుతాను, నా ఈడు వాళ్లకైతే అర్థమవుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కళ్యాణదుర్గంలో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. కరువు ఊళ్లలో వాననీళ్లకు అడ్డుకట్టలు కట్టించడం, ఎండాకాలం పశువులకు గడ్డి శిబిరాలు పెట్టడం మా ఆఫీసు పని. పురుగుమందుల అంగడి మీద రెండు గదులు, ఒక కంప్యూటరు, నెలలో సగం రోజులు మూగబోయే ఒక ఫోను, ఇంతే మా ఆస్తి. కార్యదర్శి మా నాయనకు అన్న వరస, నాకు పెద్దనాయన. ఊళ్లు తిరిగి శిబిరాలు చూసుకునేది మా అక్క మొగుడు. వచ్చే టపా, పోయే టపా, ఫైళ్లు, టైపు నావి. ఆఫీసు పేరున ఏ కవరు వచ్చినా పెద్దనాయన తప్ప ఇంకెవరూ చింపకూడదన్నది మా దగ్గర మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఆయన ఊళ్లో లేకపోతే రెండు రోజులైనా సరే కవర్లు ఆయన బల్లమీద అలాగే పడి ఉండేవి.

మాకు గడ్డి పంపే బెంగుళూరు సంస్థవాళ్లు ఇకమీదట ఉత్తరాలూ ఫ్యాక్సులూ వద్దు, ఈమెయిల్లోనే రాయండి, మీ అడ్రసు ఒకటి మా దగ్గర నమోదు చేయండి అన్నారు. ఆ ఈమెయిల్ ఎట్లా పెట్టుకోవాలన్న దానిమీద ముగ్గురం వారం రోజులు తగువు పడ్డాం. ఆఫీసు ఫోనుకే తీగ తగిలించి కంప్యూటర్లోకి జాబులు దించుకుందాం అన్నాడు బావ. మూగఫోనును నమ్ముకుంటే ఒక్క జాబూ దిగదని నేను, బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన నెట్ సెంటరులో ఉచితంగా ఇచ్చే అడ్రసు చాలునన్నాను. దానికి అందరూ ఒప్పుకున్నారు గానీ అసలు పేచీ పాస్‌వర్డ్ దగ్గర వచ్చింది.

"ముగ్గురికీ తెలిసుండల్ల మామా. రేపు నీకు జరమొస్తే యాడికి పోయేది?" అన్నాడు బావ.

"ఇంట్లో బీరువా తాళం ముగ్గురు మొలకు కట్టుకుంటారా ఏమప్పా? ఆఫీసుకొచ్చే జాబు నేను తెరుస్తా" అన్నాడు పెద్దనాయన.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను పెద్దనాయన పక్కనే నిలబడ్డాను. పెద్దాయన మీద గౌరవం కొంత, నన్ను ఎప్పుడూ టపారాణీ అని వెక్కిరించే బావ మీద ఉక్రోషం కొంత. ఉన్నమాట చెప్పుకోవాలంటే ఉక్రోషమే ఎక్కువ.

అప్పటినుంచీ రోజూ పదకొండుకు మేమిద్దరం నెట్ సెంటరుకు పోయేవాళ్లం. పాస్‌వర్డ్ అడిగే చోటు రాగానే నేను లేచి గోడవైపు తిరిగి నిలబడేదాన్ని. ఆయన కుడిచేత్తో కళ్లద్దాలు పట్టుకుని, వంగి, ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాడు. ఆ టకటకలు ఆగి, ఊఁ అన్నాక నేను ఇటు తిరిగి కూర్చుని జాబులు చదివి, ఆయన చెప్పినట్టు జవాబులు టైపు చేసేదాన్ని. సెంటరువాడు మమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వుకునేవాడు.

రెండేళ్లు అట్లాగే జరిగింది. మూడో ఏడు వేరుశెనగ విత్తనం కూడా చేతికి రాలేదు, చెట్టు ఎండి గడ్డికీ పనికిరాలేదు. కంబదూరు దగ్గర మా శిబిరంలో వరిగడ్డి అడుగంటింది. ఒక బుధవారం బెంగుళూరునుంచి ఫోను వచ్చింది: అయిదు లారీల గడ్డి సిద్ధంగా ఉంది, వివరాలు మెయిల్లో పంపాము, శుక్రవారం సాయంత్రం అయిదులోగా నమోదైన అడ్రసునుంచి సరేనని రాయాలి, లేకపోతే వరసలో తర్వాతి శిబిరానికి పంపేస్తాము. గురువారం తెల్లవారి పెద్దనాయన పళ్లు తోముకుంటూ పడిపోయాడు. పక్షవాతం. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. అనంతపురం ఆసుపత్రిలో చేర్పించారు.

బావ ఆరోజంతా బెంగుళూరుకు ఫోన్లు చేశాడు. పాస్‌వర్డ్ మరిచిపోయినామని నొక్కితే అడిగే ప్రశ్నకు జవాబు కూడా పెద్దనాయనకే తెలుసు. కొత్త అడ్రసు ఒకటి తెరిచి దాన్నుంచి రాశాడు. నమోదు కాని అడ్రసునుంచి వస్తే ఒప్పుకునేది లేదన్నారు. అంతకుముందు ఎవరో మోసం చేశారట. సాయంత్రం మా ఇంటికొచ్చి గడపలోనే నిలబడి, "నువ్వే పోయి అడుగు పాపా. నేను అల్లుని వరస, నేనడిగితే బాగుండదు. పశువులు నిలబడలేకుండా ఉండాయి" అన్నాడు.

శుక్రవారం మొదటి బస్సుకే ఆసుపత్రికి వెళ్లాను, ఎడమచేత్తోనైనా రాస్తాడేమోనని సంచిలో కాగితమూ పెన్సిలూ పెట్టుకుని. పెద్దమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. "వచ్చినావా తల్లీ, నిన్నట్నుంచి ఒక్క మాట ల్యాదు." ఆ చేతుల్లోంచి విడిపించుకుని పాస్‌వర్డ్ ఎట్లా అడగను? మా తాత మంచం మీద ఉన్నప్పుడు మా చిన్నాయన ఇనప్పెట్టె తాళాలడిగాడు. తాత మర్నాడే పోయాడు. ఊపిరుండగానే తాళాలడిగినాడని ఆ మనిషిని బతికినన్నాళ్లూ ఊరంతా అన్నది. నేనూ అదే పని చేయబోతున్నాననిపించింది. పెద్దమ్మ కాఫీకి పోయినప్పుడు అడుగుదామనుకున్నాను, పోలేదు. డాక్టరు చూసి వెళ్లాక అనుకున్నాను. పన్నెండయింది, రెండయింది, గోడ గడియారం వైపు చూస్తూ చీరకొంగు మెలితిప్పుకుంటూ కూర్చున్నాను.

ఆయన మాత్రం నా మొహంలోకే చూస్తున్నాడు. ఎడమచేతి వేలు దుప్పటిమీద కొట్టుకుంటూనే ఉంది. నరాల అదురని పెద్దమ్మ ఆ చేతిని పట్టుకుని నిమిరింది, విడిచిపెడితే మళ్లీ మొదలు. ఒకసారి నేనే ఆ వేలిని నా రెండు చేతుల్లో గట్టిగా పట్టుకుని కదలకుండా ఆపాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పేమో అనుకున్నాను. అయిదు కొట్టింది, ఆరు కూడా కొట్టింది.

శనివారం పొద్దున మళ్లీ అదే వేలు. ఈసారి ఎందుకో సరిగా చూశాను. కొట్టడం, ఆగడం, పక్కకు జరిగి వెతకడం, మళ్లీ కొట్టడం. పాస్‌వర్డ్ కొడుతున్నాడు. రెండేళ్లు గోడవైపు తిరిగి విన్నదే తప్ప ఒక్కసారీ కళ్లతో చూడలేదు కదా, అందుకే నిన్నంతా పోల్చుకోలేకపోయాను. కాగితం తీసి ఇంగ్లీషు అక్షరాలు కంప్యూటరు మీదున్న వరసలోనే పెద్దవిగా రాసి వేలికింద పెట్టాను. పది నిమిషాలు పట్టలేదు. ఆ మాట ఏమిటో ఇప్పటికీ నేనెవరికీ చెప్పలేదు.

అనంతపురంలోనే ఒక సెంటరులో కూర్చుని తెరిచాను. రెండు జాబులున్నాయి. రెండోది, మీనుంచి జవాబు రానందున లారీలు గుమ్మఘట్ట వైపు శిబిరానికి కేటాయించాము అని. ఫోనులో చెబితే బావ సరేలే పాపా అన్నాడంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఆ వారంలోనే శిబిరంలో పశువులు సంతకు పోయాయి. రైతులు ఒట్టి పలుపుతాళ్లు భుజాన వేసుకుని మా ఆఫీసు కిందనుంచే బస్టాండుకు నడిచిపోతుంటే నేను కిటికీ దగ్గరికి పోలేకపోయాను.

నెల తర్వాత పెద్దనాయనకు ముక్కలు ముక్కలుగా మాట వచ్చింది. నేనూ బావా చూడబోతే మొదట అడిగింది ఒకటే: "గడ్డి... వచ్చెనా?"

"వచ్చింది పెద్దనాయనా. అయిదు లార్లూ వచ్చినాయి" అన్నాను.

సగం నోటితో నవ్వి, ఎడమచెయ్యి నా తలమీద పెట్టాడు. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. మళ్లీ వానలు పడకముందే పెద్దనాయన వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ ఆఫీసులో మనిషికో అడ్రసు ఉందట. ఈ కాలం పిల్లలు పెద్దల్ని ఏ విషయమైనా మొహంమీదే అడుగుతారు. నా ఈడు వాళ్లం దాన్ని పొగరంటాం. ఆ మాట అనబోయి నేను ఆగిపోతాను. అడగకపోవడమే మర్యాదనుకుని ఒక రోజంతా కూర్చున్నదాన్ని నేను. ఆ గడ్డి వచ్చిందని నమ్మినవాడు లోకంలో మా పెద్దనాయన ఒక్కడే, అది రాకుండా చేసినదాని తలమీద చెయ్యి పెట్టి మరీ నమ్మినాడు.