లెక్కలో లేని వెనుక అర్ర

ఈ ఉదయం నా ఫిర్యాదును ముగించినట్టు కబురు వచ్చింది. ముగించిన మనిషి ఎవరో తెలియదు. ఎనిమిది నెలల్లో పదకొండుసార్లు రాశాను, పదకొండుసార్లూ ఒకటే జవాబు, నేను రాయకముందే ఎవరో రాసిపెట్టిన జవాబు, నా అభిప్రాయం వాళ్లకు ఎంతో విలువైనదని. విలువైనదాన్ని ఒక్కసారైనా చదువుతారు కదా. కోపం వస్తుందేమోనని కాసేపు కుర్చీలోనే కూర్చుని చూశాను, రాలేదు. చల్లారిన చాయ్‌ని అలాగే తాగేసి, వాళ్లు వినకపోతే మానె, నా ఈడువాళ్లయినా వింటారని ఇది మొదలుపెట్టాను.

సంగతి వింటే నవ్వుతారు. కంప్యూటర్‌లో ఇళ్లు కట్టే ఆట ఒకటి ఉంది. ఉద్యోగం అయిపోయిన కొత్తలో, మోకాళ్ల నొప్పులతో గడప దాటలేక ఇంట్లో అందరి మీదా విసుక్కుంటున్నానని, మా కూతురు దాన్ని కొని పెట్టి ఇచ్చింది. కొన్నాం సరే, కానీ అందులో ఉన్నవన్నీ మంచు కురిసే దేశాల ఇళ్లు, పొగగొట్టాలు, అద్దాల తలుపులు. మన తీరు ఇల్లు కావాలంటే రేకుల కప్పు కోసం ఒక అదనపు కట్ట, వాళ్ల మాటలో ప్యాక్, కొనాలి, పొయ్యికీ నులక మంచానికీ చాటకూ ఇంకో కట్ట. తెర మీదే డబ్బు కట్టి తెర మీదే దించుకోవాలి, చేతికి ఏదీ రాదు. ఇల్లు ఒకసారి అమ్మి, తలుపులు మళ్లీ అమ్మేవాళ్లను నా జన్మలో చూడలేదని మొదట్లో కనిపించినవాళ్లందరికీ చెప్పాను. తరువాత ఆలోచిస్తే, నేను పుట్టి పెరిగిందే అటువంటి ఇంట్లోనని తోచింది.

మందమర్రి సంతకు నడిచి పోయేంత దూరంలో ఒక గని కాలనీ. మా బాపు గని లోపల బొగ్గు నింపే పని చేసేవాడు. కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో ఒక అర్ర, ఒక వంటిల్లు, మేము ఏడుగురం. ఆ కాలనీలో చాలామంది చేసినట్టే బాపు కూడా వెనుక ఖాళీ జాగాలో సొంత ఖర్చుతో ఇంకో అర్ర వేశాడు. షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసినా కంటి అంచుల్లో నలుపు పోకుండానే, మళ్లీ ఇంకో షిఫ్టు పెట్టినట్టుగా మన్ను తొక్కేవాడు. ఒక గోడ కొంచెం బయటికి వంగింది. వంగితే వంగిందని దాని మీదే రేకులు కప్పాడు. మా అక్క అప్పటికే బడి మాని బీడీలు చుట్టేది. అర్ర తయారయ్యాక పగలంతా కిటికీ దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చునేది, నేను గోడకు ఆనుకుని పాఠాలు చదువుకునేవాణ్ని, తడి తునికాకు వాసన నా పుస్తకాలకు కూడా పట్టింది. ఇప్పటికీ లెక్కల ఎక్కం ఏదైనా తలచుకుంటే ముందు ఆ వాసనే వస్తుంది.

బాపు రిటైరయ్యాక క్వార్టర్ అప్పజెప్పాల్సి వచ్చింది. కాగితాలు పట్టుకుని ఒక గుమాస్తా వచ్చి తలుపులు, కిటికీలు, చివరికి బల్బు తగిలించే హోల్డర్లు కూడా లెక్క రాసుకున్నాడు. వెనుక అర్ర దగ్గరికి వచ్చేసరికి కలం జేబులో పెట్టుకున్నాడు.

"సారూ, గీ అర్ర రాసుకోలే," అన్నాడు బాపు.

"అది మా నక్షాల లేదు. లేనిదాన్ని ఎట్ల రాసుకుంట?"

"ఉన్నది గద. నువ్వు అండ్లనే నిలబడ్డవ్."

"నిలబడితే ఉన్నట్టా? ఒక్క రేకు కూడ ఇప్పద్దు, ఎట్లున్నది అట్లనే ఇడిచిపెట్టాలె, గంతే."

లేని అర్ర నుంచి రేకులు తీసుకుపోకూడదు. ఆ రోజు ఆ గుమాస్తా వేసుకున్న చొక్కా లేత ఆకుపచ్చది, మోచేతి దగ్గర ఇంకు మరక ఉంది. నాకు ఇటువంటివి మరపురావు. బాపుకు చదువు రాదు కనుక ఆయన చెప్తుంటే, ఆ అర్రను లెక్కలో రాసుకోమని నా పేరు మీదే అర్జీలు రాశాను, అయిదు. ఒక్కదానికీ జవాబు రాలేదు. కొన్నేళ్లకు అక్కడ నేలంతా పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని పడి కాలనీ అంతా పోయింది. ఒకసారి పనిగట్టుకుని వెళ్లి అంచున నిలబడి చూశాను. చాలా లోతుగా ఉందనుకున్నాను, అంతకు మించి ఏమీ అనుకోలేదు, బస్సు వేళ అయిందని వచ్చేశాను.

రెండేళ్ల కింద అక్క షుగరు వల్ల కళ్లు దెబ్బతిని, చూపించుకోవడానికి తను ఉండే ఆసిఫాబాద్ నుంచి కరీంనగర్‌కు, మా ఇంటికి వచ్చింది. కుడి కన్ను అప్పటికే పోయింది. ఎడమ కంట్లో సూదులు వేయించుకుంటే కొన్నాళ్లు ఆగుతుందని, పోయింది మాత్రం తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. మందు వేసుకుని ఊరికే కూర్చోలేక నేనేం చేస్తున్నానని అడిగితే ఆట చూపించాను. అలా ఇద్దరం కలిసి మా క్వార్టర్ కట్టడం మొదలుపెట్టాం. ఆమె తెరకు ముక్కు ఆనించి చెప్పేది, నేను కట్టేవాణ్ని. గోడ ఒకటి నిలబెట్టగానే నవ్వింది.

"బాపు నెల దినాలు పెట్టిండురా గా గోడకు, నువ్వు తుమ్మేలోపట లేపితివి. మన్ను మోసుడు లేదు, నడుము నొచ్చుడు లేదు. గిట్లయితే నేను పది అర్రలు కడుదును."

కానీ గోడ తిన్నగా ఉంది, మనది వంకర గోడ కదా అని పట్టుబట్టింది. ఆటలో గోడలు వంగవు. పాత ఇళ్ల కట్ట అని ఇంకొకటి ఉంటే, వంకర గోడ కోసం దాన్ని కూడా కొన్నాను. రేకులు, కిటికీ, కిటికీ కింద చాట, అన్నీ కుదిరాయి. తరువాత సూదికి వచ్చినప్పుడల్లా చెప్పులు విడవకముందే అడిగేది, "తమ్మీ, జర నా అర్ర చూపెట్టు" అని. ఒక్క కంటితో చాలాసేపు చూసేది.

ఎనిమిది నెలల కింద ఆట తెరిస్తే వెనుక అర్ర లేదు. ఆ జాగాలో పచ్చగడ్డి ఉంది, కూల్చిన గుర్తు కూడా లేదు. ఆ అర్రకు వాడిన కట్టలు తయారుచేసినవాళ్లకూ ఆట నడిపేవాళ్లకూ ఒప్పందం ముగిసిందట, అందుకని కొన్నవాళ్లందరి దగ్గరి నుంచీ తీసేశారట. నేను కొన్నది వస్తువు కాదని, వాడుకునేందుకు అనుమతి మాత్రమేనని, దానికి నేను ఒప్పుకున్నానని చూపించారు. ఒప్పుకున్న మాట నిజమే. బాపు కంపెనీ కాగితాల మీద చదవలేక వేలిముద్ర వేశాడు, నేను చదవగలిగి కూడా చదవకుండా నొక్కాను.

అక్క వచ్చినప్పుడు చెప్పక తప్పలేదు. చీర కొంగుతో కన్ను ఒత్తుకుంది, ఏడుపు కాదు, మందు కారుతోంది.

"రాసినవా వాళ్లకు?"

"రాసిన అక్కా, ఇడుస్తనా?"

"ఎవరి పేరు మీద?"

"నా పేరు మీదనే."

"అప్పుడూ గట్లనే రాస్తివి. గా రేకులు నా బీడీల పైసలతోని తెచ్చినయి. బాపు చెప్పిండు, నువ్వు రాసినవ్, ఒక్క కాగితంల నా ముచ్చట లేదు." కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పింది. "గుమాస్తకు తెల్వదు, సరే. నీకు ఎరుకే గద తమ్మీ."

ఆమె ఆసిఫాబాద్ వెళ్లాక పెట్టెలోంచి ఆ అయిదు అర్జీల నకళ్లు తీశాను. నేను దేన్నీ పారేయను. అయిదింటిలోనూ మా తండ్రి సొంత ఖర్చుతో అని ఉంది. అక్క ఎక్కడా లేదు. పైన మీకు చెప్పినప్పుడు కూడా సొంత ఖర్చు బాపుదేనని రాశాను చూడండి, చెయ్యి అలా అలవాటు పడిపోయింది. గుమాస్తా చొక్కా రంగు గుర్తున్నవాణ్ని, ఆ రేకులు ఎవరి వేళ్ల కష్టమో మరచిపోయాను. సిగ్గు పడాలని తెలుసు. పడ్డానో లేదో తెలియదు, మొద్దుబారిన కాలు మీద నడిచినట్టు రోజులు గడిచాయి.

మన కాలంలో కాదనేవాడికి ఒక మొహం ఉండేది. వాడి ముందు నిలబడితే వాడు కూడా కాస్త ఇబ్బంది పడేవాడు, బాపు ఒక్క మాటైనా ఎదురు చెప్పగలిగాడు. ఇప్పుడు నోరు లేని చోటికి రాస్తున్నాం, గడ్డి మొలిచింది ఎక్కడంటే చూపించడానికి వేలు పెట్టే చోటు కూడా లేదు.

ఈ రోజు పన్నెండోది రాశాను, అక్క పేరు మీద. అర్ర ఆమెదని, రేకులు ఆమె బీడీలతో వచ్చినవని రాశాను. వచ్చే నెల సూదికి వస్తుంది, ఆ తరువాత ఎడమ కన్ను ఎన్నాళ్లుంటుందో డాక్టరు చెప్పడం లేదు. ఆట నడిపేవాళ్లలో మనిషి ఎవరైనా ఉంటే ఒక్క పూటకు ఆ అర్రను తిరిగి పెట్టండి. పెట్టలేకపోతే, ఎందుకు పెట్టలేరో ఆమె ఉత్తరం చదివి, ఆమె పేరు రాసి, ఆమెకు చెప్పండి. నాకు అక్కరలేదు. ఆమెకు చెప్పండి.