గురువారం పదిన్నర

పొద్దున కాఫీ తాగుతుంటే ఫోను గంట కొట్టి, 'అమృత ఘడియలు మొదలయ్యాయి, శుభకార్యాలకు అనుకూలం' అంది. నిన్న గాక మొన్న పుట్టిన యంత్రం నాకు మంచి సమయం చెబుతోంది! ఆ యాప్‌ని అక్కడికక్కడే పీకి పారేశాను. మా ఆవిడ నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఆ ఘడియల మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సింగపూర్లో ఉన్న రోజుల్లో మా ఆవిడ మేనమామ ఏటా తెలుగు క్యాలెండరు అచ్చు వేసేవారు. ఓడల మరమ్మతు యార్డులో రిటైరై, బుకిట్ పంజాంగ్ ఫ్లాటులో ముందు గదినే ప్రచురణ సంస్థ చేసేశారు. భోజనాల బల్ల ఆఫీసు, అత్తయ్య కుట్టుమిషను మీద ప్రూఫులు. ఇండియా క్యాలెండరుకి రెండున్నర గంటలు కలుపుకుంటే చాలదా అని ఎవరైనా అన్నారో, అయిపోయారే! "సూర్యోదయానికి కూడా రెండున్నర గంటలే కలుపుతావా?" అని గంటసేపు వాయించేవారు. నేను చాంగీ బిజినెస్ పార్కులో ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. ఖాళీ దొరికితే ఆయనకు ప్రూఫులు చదివి పెట్టేవాణ్ణి. ఆయన రాసిన కాగితం చూసి నేను పైకి చదవాలి, ఆయన ప్రూఫు మీద టిక్కు పెట్టుకోవాలి.

ఆ రోజూ సెలవు పెట్టి వచ్చే ఏడాది క్యాలెండరు చదువుతున్నాను. టీవీలో పొద్దున్నుంచీ ఒకటే వార్త: అమెరికాలో పేరుమోసిన బ్యాంకు కూలింది, సూట్లు వేసుకున్నవాళ్ళు అట్టపెట్టెలు మోసుకుంటూ వీధిలోకి వస్తున్నారు. మా కంపెనీ పనంతా అలాంటి బ్యాంకులదే. ఉద్యోగం పోతే వర్క్ పాసు పోతుంది, నెలలోపు దేశం వదలాలి. పాప ఆ ఏడే ప్రైమరీ వన్‌లో చేరింది. సప్తమిని అష్టమి అని చదివాను. "ఆ టీవీ కట్టెయ్యి అల్లుడూ! అమెరికాలో బ్యాంకు కూలితే ఇక్కడ తిథి మారదు," అన్నారు మామయ్య.

అంతలో ఫోను. మా మేనేజరు! మన తెలుగాయనే, క్యాలెండరు వెనక అట్ట మీద ఏటా మా కంపెనీ ప్రకటన వేయించేది ఆయనే. మామయ్య స్పీకరు నొక్కారు. "అంకుల్, ఈ వీక్‌లో ఒక మంచి టైం చెప్పండి. ఇంపార్టెంట్ పని, ఏ ఆటంకం లేకుండా అయిపోవాలి." కొత్తగా కాండో ఫ్లాటు కొన్నాడు కదా, గృహప్రవేశమేమో అనుకున్నాం. గోడ మీది క్యాలెండరు చూసి నేనే, నా నోటితో నేనే, ఉత్సాహంగా మామయ్యకి అందించాను: "గురువారం పదిన్నర, అమృత ఘడియలు. పదకొండుకి దుర్ముహూర్తం, ఆలోపు కానివ్వాలి." ఆయన దాన్ని అలాగే ఫోనులో అప్పజెప్పారు.

గురువారం పదిన్నరకి మీటింగ్ రూములోకి పిలుపులు మొదలయ్యాయి. ఒక్కొక్కరికీ ఒక్కో కవరు. నా వంతు వచ్చేసరికి హెచ్చార్ అమ్మాయి చెమటలు కక్కుతోంది. "సైన్ ఫాస్ట్ లా! బాస్ సే, మస్ట్ ఫినిష్ బిఫోర్ ఇలెవెన్!" పాపం చైనీయుల పిల్ల, పదకొండుకి ఏం ముంచుకొస్తుందో తనకేం తెలుసు? నాకు తెలుసు. మేనేజరు అద్దాల క్యాబిన్‌లో మామయ్య క్యాలెండరు వేలాడుతోంది, ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా. వాడు వాచీ చూసుకుంటున్నాడు. ఛీ! తీసేస్తే తీసెయ్యి, మార్కెట్ పడిందను, పైవాళ్ళు చెప్పారను. పదిహేడు మంది పొట్ట కొట్టడానికి అమృత ఘడియలు కావలసి వచ్చాయా నీకు?

అట్టపెట్టెతో తిన్నగా బుకిట్ పంజాంగ్ వెళ్ళి చెప్పాను. మామయ్య వెనక అట్ట ప్రూఫు తీసి, ఆ ప్రకటన మీద మూల నుంచి మూలకి ఎర్రగీత కొట్టారు. "ఖాళీగా పోనీ," అన్నారు. అప్పట్నుంచీ ఎవరు మంచి సమయం అడిగినా, "ఆ మంచి ఎవరికి?" అని అడిగాకే చెప్పేవారట. కొందరు ఫోను పెట్టేసేవారట.

ఇరవై ఎనిమిదో రోజున పాపను బడి మాన్పించి విమానం ఎక్కాం. ఎయిర్‌పోర్టులో ఆయన చేతిలో పెట్టిన క్యాలెండరు ఇంకా నా దగ్గరే ఉంది, వెనక తెల్లగా. ఆ మేనేజరు మీద కోపం కొంత తగ్గింది. అబద్ధమెందుకు, తగ్గలేదు. ఎన్నో ఏళ్ళు గడిచాయి. నేను చదివి చెప్పిన ఆ అరగంట మాత్రం నాకింకా గడవలేదు.